ఏముందో చెప్పకుండా పెట్టవా?

గురువారం రాత్రి భోజనాల దగ్గర జరిగిందిది. అన్నం, పాలకూర పప్పు, ఉడికించిన శనగలు, నాలుగు కారెట్ ముక్కలు. కుర్చీ లాక్కుని కూర్చుంటూ నేను మామూలుగానే మొదలుపెట్టాను. "పప్పులో నిమ్మకాయ పిండాను రా. సి విటమిన్ తోడైతే అందులో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది." మావాడికి తొమ్మిదేళ్లు. చెంచా కింద పెట్టి, కోపం లేకుండా, చాలా మర్యాదగా అడిగాడు: "అమ్మా, ఒక్కరోజైనా ఇందులో ఏముందో చెప్పకుండా పెట్టవా?"

మా ఆయన నవ్వు ఆపుకోవడానికి గ్లాసెడు మంచినీళ్లు తాగారు. చిన్నదానికి నాలుగేళ్లు. దానికి సంగతేమీ అర్థం కాలేదు గానీ ఎప్పుడూ అన్న పక్షమే కాబట్టి "అవును, చెప్పకు" అంది.

అప్పటికి ఏమీ అనలేదు. గిన్నెలు కడుగుతూ లెక్కేసుకున్నాను. ఆ రోజు పొద్దున ఓట్స్ పెడుతూ పీచు గురించి చెప్పాను. బడి నుంచి రాగానే యాపిల్ చేతికిచ్చి, తొక్క తీయకుండా ఎందుకు తినాలో చెప్పాను. రాత్రికి ఐరన్. వాడు మూడు పూటలా తింటున్నాడు, మూడు పూటలా పాఠం వింటున్నాడు. ఇంత చెప్పే నేను అన్నం తిన్న వెంటనే పెద్ద కప్పు టీ తాగుతాను. టీ తాగితే ఆ ఐరన్ సరిగ్గా పట్టదని నాకు తెలుసు. ఆ పాఠం మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

వాణ్ణి ఇందులోకి దింపింది కూడా నేనే. ఇక్కడి భాషలో ప్యాకెట్ల మీద చీమ తలకాయంత అక్షరాలు చదవాలంటే నాకు రెండు నిమిషాలు పడుతుంది, వాడికి రెండు సెకన్లు. అందుకని సరుకులకు వెళ్లినప్పుడల్లా పక్కన నిలబెట్టుకుని చదివించుకునేదాన్ని. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాస్తారు, మొదటి మూడు పేర్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుందని నేర్పాను. చక్కెర ఒక్క పేరుతో రాదు, గ్లూకోజ్ సిరప్ అనీ డెక్స్‌ట్రోజ్ అనీ ఫ్రక్టోజ్ అనీ ముక్కలు ముక్కలుగా వస్తుంది, అందుకే ఒక్కొక్కటీ జాబితాలో కిందెక్కడో కనిపిస్తుంది, అన్నీ కలిపితే పైకి లేస్తుందని చెప్పాను. దొంగను పట్టుకునే ఆట కదా, వాడికి తెగ నచ్చింది.

ఆట మా ఇంటి బ్రెడ్డు దాకా వచ్చేవరకు బాగానే సాగింది. రెండేళ్లుగా కొంటున్న మల్టీగ్రెయిన్ బ్రెడ్డు అది. ముదురు గోధుమ రంగు, పైన చల్లిన గింజలు, చూడగానే ఆరోగ్యమే వచ్చి బల్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది. వాడు చదివాడు. మొదటి పేరు గోధుమపిండి. పూర్తి గోధుమ అని ఎక్కడా లేదు, అంటే తెల్లపిండే. తర్వాత నీళ్లు. గింజలు ఏడో చోట. రంగు మాల్ట్‌ది, అంటే మొలకెత్తించి వేయించిన బార్లీది. "మల్టీ అంటే చాలా అని కదా అమ్మా, మొత్తం అని కాదు కదా" అన్నాడు. రెండేళ్లపాటు ఆ బ్రెడ్డు చూపించి తెల్ల బ్రెడ్డు కొనేవాళ్లను మనసులో ఎంత చిన్నచూపు చూశానో ఇక్కడ రాయను.

తర్వాతి వారం నా బిస్కెట్లు దొరికాయి. ఓట్స్ డబ్బా వెనక ఉంటాయవి. పిల్లలు పడుకున్నాక టీతో రెండు తింటాను. రెండంటే మరీ రెండే కాదు. వాడు ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టి పైకి చదివాడు. మూడో పేరు చక్కెర, ఐదో పేరూ చక్కెరే, వేషం వేరు. "ఇవెవరివి?" అన్నాడు. "నాన్నవి" అన్నాను. ఆయన ఆఫీసులో ఉన్నారు కాబట్టి ఆ మాట చెల్లింది.

నా పట్టుదల వెనక ఉన్నది ఐరన్ కాదు. రెండో తరగతిలో ఒకరోజు వాడు లంచ్ డబ్బా మూత తీయకుండానే వెనక్కి తెచ్చాడు. తోటి పిల్లలు ఏదో అని ఉంటారని నేను కత్తి కట్టుకుని బడికి బయల్దేరాను. టీచర్‌ని అడిగాను, వాడి స్నేహితులను అటు తిప్పి ఇటు తిప్పి అడిగాను. ఎవరూ ఏమీ అనలేదు. వాడికి శాండ్‌విచ్ ఎక్కువ ఇష్టం, అంతే. ఎవరైనా వెక్కిరించి ఉంటే వాళ్లమీద కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. ఇష్టం మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాం?

"ఇది మన తిండి రా" అంటే వాడు "ఓకే" అంటాడు. ఆ ఓకేలో పప్పుకు చోటు లేదు. అందుకని ప్రోటీన్ అన్నాను, పీచు అన్నాను. అవి బడిలో కూడా వినే మాటలు కాబట్టి కాదనలేడని నా ఎత్తు. ఇంటి తిండిని గెలిపించడానికి సైన్స్‌ను సాక్ష్యానికి పిలిచాను. అది నా తరఫున మాత్రమే చెబుతుందని ఎందుకనుకున్నానో.

ఒకరాత్రి పడుకోబెడుతూ కోళ్ల కథ చెప్పాను. 1890ల్లో జావాలో క్రిస్టియాన్ ఐక్మాన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి జబ్బు ఎందుకొస్తుందో వెతుకుతున్నాడు. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పట్టు తప్పాయి. పైపొర ఉన్న బియ్యం పెడితే తేరుకున్నాయి. ఆ పొరలో ఉన్నది బి1 విటమిన్ అని తర్వాత తేలింది, 1929లో ఆయనకు నోబెల్ వచ్చింది. కథ బాగా చెప్పానని నేను మురిసిపోతుంటే వాడు దుప్పట్లోంచి తల బయటపెట్టాడు. "మరి మనం తెల్లన్నమే ఎందుకు తింటాం?"

"కోళ్లకు పప్పు లేదు, మనకు ఉంది" అన్నాను. అబద్ధం కాదు. కానీ వాడు కాసేపు నావైపు చూసి అటు తిరిగి పడుకున్న తీరు నాకు నచ్చలేదు.

ఆ వారమే బ్రౌన్ రైస్ తెచ్చాను. మొదటిసారి నానబెట్టడం మరిచిపోయాను. ఎంతసేపు ఉడికినా పంటికి తగులుతూనే ఉంది. మా ఆయన నెమ్మదిగా నములుతూ "బాగుంది" అన్నారు. ఏది నిజంగా బాగున్నా ఆయన ఆ మాట అనరు, మారు వడ్డించుకుంటారు. ఇప్పుడు తెల్లవీ అవీ సగం సగం కలిపి వండుతున్నాను. అంటే, ఆదివారాలు. అంటే, గుర్తున్న ఆదివారాలు.

సలహాలకైతే నా దగ్గర కొదవ లేదు. శనివారం రాత్రి శనగలు నానబోసి, ఆదివారం ఉడికించి, చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టుకుంటే వారమంతా చేతికి అందుతాయి. ఫ్రోజెన్ బఠాణీలను తక్కువ చేయనక్కర్లేదు, కోసిన కాసేపటికే గడ్డకట్టిస్తారు కాబట్టి పోషకాల్లో తాజావాటికి పెద్దగా తీసిపోవు. డబ్బాలో వచ్చే బీన్స్‌ను ధారగా నీళ్లు పోసి కడిగితే కొంత ఉప్పు పోతుంది. పిల్లలు ఆకలితో బడి నుంచి వచ్చే వేళకు కోసిన పండు బల్ల మీద ఉండాలి, బిస్కెట్లు కాదు. పండు రసంగా మారాక అందులోని చక్కెరను ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిపిన చక్కెరతో సమానంగానే లెక్కేస్తుంది. తేనెనూ అంతే. ఈ సంగతి తెలియక పిల్లల పాలలో చక్కెర మానేసి రెండేళ్లు తేనె వేశాను. ఎంత పుణ్యం మూటగట్టుకున్నానో అనుకున్నాను.

ఆ సంస్థే 2023లో పిల్లలకు కొలతలు ఇచ్చింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 350 గ్రాముల కూరగాయలు, పండ్లు. పీచు కనీసం 21 గ్రాములు. చదివిన రోజే కాటా తీశాను. యాపిల్ ఒకటి, కారెట్ ఒకటి, టమాటా ఒకటి, గుప్పెడు బఠాణీలు. ఇంకా తక్కువే చూపించింది. ఆకుకూర పెట్టాను, అది బరువే తూగదు. చివరికి ముల్లు 350 దగ్గరికి వచ్చేసరికి గిన్నె నిండి అంచులు దాటింది. మావాడు వచ్చి చూసి "ఇది ఆవుకా?" అన్నాడు. చిన్నది ఆ పూట తిన్నది రెండు కీరా చక్రాలు, 18 గ్రాములు. అవును, తూచాను. నవ్వకండి.

అమెరికాలో 2019లో కెవిన్ హాల్ బృందం చేసిన ప్రయోగం గురించి చదివి మా ఆయనకు చెప్పాను. ఇరవై మందిని నాలుగు వారాలు ఆసుపత్రిలోనే ఉంచారు. రెండు వారాలు ఫ్యాక్టరీలో తయారైన తిండి, రెండు వారాలు మామూలు దినుసులతో వండినది. రెండిట్లోనూ ముందు పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు సమానమే, ఎంత తినాలో మాత్రం వాళ్లిష్టం. ఫ్యాక్టరీ తిండి తిన్నప్పుడు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో సుమారు కిలో బరువు పెరిగారు. మా ఆయన అంతా విని అడిగింది ఒకటే: "ఆ ఇరవై మందికీ వంట ఎవరు చేశారు?"

నేను కాదు, అది మాత్రం ఖాయం. ఆసుపత్రి వంటగదిలో వండి ముందు పెట్టారు. ఇక్కడ ఆరు గంటలకు ఆఫీసు నుంచి వచ్చి, ఆరున్నరకు ఇద్దరు పిల్లల ముందు ఏదో ఒకటి పెట్టాల్సినవాళ్లకు ఆ వంటగది లేదు. మా ఇంట్లో శుక్రవారం పిజ్జా. దానికి నేను పెట్టుకున్న పేరు సంప్రదాయం.

గురువారం రాత్రి మాట నన్ను ఇంతలా గుచ్చడానికి ఇంకో కారణం ఉంది. వాడు అన్నదాన్నే 2014లో మిఖాల్ మైమరాన్, అయెలెట్ ఫిష్‌బాక్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించారు. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు, బిస్కెట్లు గానీ కారెట్లు గానీ తినే ఒక పాప కథ చెప్పారు. కథలో అవి తింటే బలం వస్తుందనో, అంకెలు బాగా వస్తాయనో చెబితే, ఏమీ చెప్పకుండా పెట్టినప్పటికంటే పిల్లలు తక్కువ తిన్నారు. ఒక పనికి పనికొచ్చేది రుచిగా ఎలా ఉంటుందని పిల్లల లెక్క.

ఆ లెక్క మనకు మాత్రం తెలియదా? "ఒంటికి మంచిది" అని మనం దేన్ని అంటాం? చేదుగా ఉన్నదాన్ని, చప్పగా ఉన్నదాన్ని, మందు తర్వాత పెట్టే పథ్యాన్ని. నోరూరించేదాన్ని ఎవరూ ఒంటికి మంచిదని వడ్డించరు, గిన్నె ముందుకు తోస్తారంతే. నేను మా పప్పును ఏళ్ల తరబడి మందుసీసా పక్కన కూర్చోబెట్టాను. వాడికి ఇష్టం లేకుండా పోవడానికి శాండ్‌విచ్ ఎంత కారణమో, నేనెంతో ఇప్పుడు చెప్పలేను.

అమ్మకు ఫోన్ చేసి అడిగాను, నా చిన్నప్పుడు నాకేం చెప్పి పెట్టేదానివని. "ఏం చెబుతాం? చల్లారిపోతుంది, తినమనేదాన్ని" అంది. కాసేపాగి, "నువ్వు తినేదానివి కాదులే. ఆకుకూరలన్నీ కంచం కింద దాచేదానివి" అంది. అమ్మ రోజులే మేలని ఒక పేరా రాద్దామనుకున్నాను. ఆ పేరా అక్కడే పోయింది.

సరే, ఒక వారం నోరు మూసుకుని వడ్డిద్దామని నిర్ణయించుకున్నాను. రెండు రోజులు గడిచాయి. మూడో రోజు రాత్రి టమాటా సాస్‌తో పాస్తా చేశాను. అందరికీ పెట్టి కూర్చున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. వాడు చెంచా ఎత్తి, మళ్లీ దించాడు.

"ఏంటమ్మా, ఏమీ చెప్పట్లేదు?"

"ఏముంది చెప్పడానికి? తిను, చల్లారిపోతుంది."

"ఇందులో ఏదో ఉంది" అన్నాడు. సాస్‌ను చెంచాతో ప్లేటు మీద పలచగా పరిచి, దీపం కిందకు జరిపి, లేబుల్ చదివినట్టు చూశాడు.

ఉంది. రెండు కారెట్లు, సగం కాలీఫ్లవర్, గుప్పెడు ఎర్రపప్పు, అన్నీ ఉడికించి మిక్సీలో మెత్తగా రుబ్బి కలిపాను. చెప్పకుండా పెట్టమన్నాడు కదా, చెప్పకుండానే పెట్టాను. మా ఆయన మళ్లీ మంచినీళ్ల గ్లాసు అందుకున్నారు. వాడు కాసేపు ఆలోచించి, పాస్తా గొట్టాలను ఒక్కొక్కటిగా సాస్‌లోంచి లాగి, ప్లేటు అంచుకు రాసి తుడిచి తిన్నాడు. చిన్నది ఏమీ పట్టించుకోకుండా అంతా తినేసి మారు అడిగింది. మిగిలిన సాస్ నేనే తిన్నాను, వాడి ప్లేటులోంచి, నిలబడి.

పిల్లలు పడుకున్నాక టీ పెట్టుకున్నాను. బిస్కెట్లు ఇప్పుడు బియ్యం డబ్బా వెనకకు మార్చాను. నిన్న రాత్రి నాలుగు మిగిల్చినట్టు గుర్తు. మూడే ఉన్నాయి. హాల్లో మా ఆయన ఫోన్ చూసుకుంటున్నారు, మావాడి గదిలో ఇంకా దీపం వెలుగుతోంది. ఎవరినీ ఏమీ అడగకుండా బిస్కెట్ల ప్యాకెట్‌ను మళ్లీ ఓట్స్ వెనకకే తెచ్చి పెట్టాను.