లైట్లన్నీ ఆపేద్దామండీ

ఇళ్ల లోపలి ఫొటోలు తీసే నాకు ఇంటీరియర్ డిజైనర్లతో పేచీ వచ్చేది స్విచ్‌బోర్డు దగ్గరే. నేను షూట్‌కి వెళ్లేసరికి ఫాల్స్ సీలింగ్ అంచు గాడిలో దాచిన కోవ్ లైట్లు, టీవీ యూనిట్ వెనక సన్నటి పట్టీల్లాంటి ప్రొఫైల్ లైట్లు, పూజగది జాలీ వెనక పసుప్పచ్చటి స్ట్రిప్ అన్నీ వెలుగుతూ ఉంటాయి. వాళ్ల తప్పేం లేదు, అంత ఖర్చుపెట్టి వేయించినవి ఫొటోలో కనపడాలని ఎవరికుండదు? నేను మాత్రం ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోతాను. "అదేంటమ్మా, ఇల్లంతా చీకటి పడదూ?" అని ఇంటావిడ కంగారుపడతారు. "రెండు నిమిషాలు చూడండి ఆంటీ" అంటాను. కళ్లు అలవాటు పడ్డాక కిటికీ వెలుగే గదికి సరిపోతుందని వాళ్లకే తెలుస్తుంది.

మన కన్ను సర్దుకున్నట్టు కెమెరా సర్దుకోలేదు. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పసుపు, పెరిగేకొద్దీ నీలం. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్ ఉంటుంది, నీడపట్టున ఇంకాస్త నీలంగా ఉంటుంది. సీలింగ్‌లోని వార్మ్ ఎల్‌ఈడీలేమో 3000. ఏ వెలుగుని తెలుపుగా చూడాలో కెమెరాకి చెప్పే వైట్ బ్యాలెన్స్ కిటికీకి పెడితే సీలింగ్ నారింజ రంగుకు తిరుగుతుంది, సీలింగ్‌కి పెడితే సోఫా సగం నీలం కొడుతుంది. పది శాంపిళ్లు పూయించి ఏరుకున్న ఆఫ్‌వైట్ గోడ ఫొటోలో ఏ రంగుకీ చెందకుండా పోతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. పైనుంచి అన్ని లైట్లూ ఒకేసారి పడితే నీడలు చెరిగిపోతాయి. ఒక పక్కనుంచే వెలుగు వస్తేనే కుర్చీ చేతి నునుపూ, చేనేత బట్ట గరుకూ తెలుస్తాయి.

వాస్తు మీద నా నమ్మకం సంగతి అలా ఉంచితే, షూట్ ప్లాన్ వేసుకోవడానికి అంతకన్నా పనికొచ్చేది నాకు దొరకలేదు. మనవాళ్ల ఇళ్లలో వంటిల్లు ఆగ్నేయంలో, దేవుడి గది ఈశాన్యంలో, పెద్ద పడకగది నైరుతిలో ఉండటం మామూలే కదా. అంటే పొద్దున పూజగది, వంటిల్లు అయిపోవాలి, మధ్యాహ్నం మూడు దాటాక పడకగది. అలాగని మరీ పొద్దున్నే వంటింట్లో కెమెరా పెట్టను. ఏటవాలు ఎండ అక్రిలిక్ తలుపుల మీద పడి కళ్లు జిగేల్‌మంటాయి. పదిన్నర ప్రాంతంలో ఎండ పైకెక్కి, లోపలికి వెలుగు ఒక్కటే వచ్చే వేళ మంచిది. ఫ్లాట్లలో వంటింటికి చాలాసార్లు సొంత కిటికీ ఉండదు, యూటిలిటీ తలుపులోంచే వెలుగు రావాలి. అక్కడ ఒక ఎర్ర తువ్వాలు ఆరేసి ఉన్నా గ్రానైట్ గట్టు మీద ఆ ఛాయ పడుతుంది. అందుకే ముందు దండెం ఖాళీ చేయిస్తాను.

ఉత్తరపు కిటికీ వెలుగు ఏడాదంతా మెత్తగా ఉంటుందని ఫొటోగ్రఫీ పుస్తకాల్లో చదువుతాం. యూరప్‌లో అది చాలావరకు నిజమే. హైదరాబాద్ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరాన ఉంటాడు. జూన్‌లో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి ఎండ సూటిగానే దూరుతుంది. డిసెంబరులో అంతా తిరగబడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకి కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దగ్గరే ఆగిపోతాడు, దక్షిణపు బాల్కనీ ఎండ హాల్లో సోఫా కాళ్ల దాకా పాకుతుంది. కాబట్టి ఇల్లు ఏ ఫేసింగో అడిగి ఊరుకోను, షూట్ ఏ నెలలోనో కూడా చూసుకుంటాను.

నన్నడిగితే శ్రావణమాసపు మబ్బుకి సాటి లేదు. ఎండరోజున బయటి వెలుగు గదిలోకన్నా వందల రెట్లు ఎక్కువ. ఒక్క ఫొటోలో రెండూ ఇమడవు, వెలుగు మోతాదు మారుస్తూ మూడు నాలుగు ఎక్స్‌పోజర్లు తీసి తర్వాత కలపాలి. మబ్బు పడితే ఆ తేడా బాగా తగ్గుతుంది, కిటికీ బయట చెట్టు కూడా చెట్టులా కనిపిస్తుంది. ఆషాఢంలో ఆగిన గృహప్రవేశాలన్నీ శ్రావణంలోనే కాబట్టి ఫోన్లు కూడా అప్పుడే ఎక్కువ వస్తాయి. ఇంతకన్నా అదృష్టం ఏముంటుంది!

మబ్బు లేని రోజుకి నా బ్యాగులో ఒక తెల్ల పంచె, ఒక నల్ల దుప్పటి ఉంటాయి. పంచెని కిటికీకి క్లిప్పులతో బిగిస్తే ఎండపొడ చెదిరి మెత్తబడుతుంది. గది మరీ చప్పగా వస్తుంటే ఫ్రేముకి ఆవల నల్ల దుప్పటి పట్టుకోమంటాను, నీడ చిక్కబడుతుంది. కెమెరా ట్రైపాడ్ మీద, సెన్సర్ సున్నితత్వం తక్కువ (ఐఎస్ఓ 100), లెన్సు రంధ్రం చిన్నది (ఎఫ్ 8). షట్టర్ సెకను దాకా తెరిచి ఉన్నా ఇబ్బంది లేదు, మంచాలు కదలవు కదా. ఫ్యాన్ మాత్రం ఆపాలి. మే నెలలో ఇంట్లో అందరూ చెమటలు కక్కుతూ నన్ను చూసే చూపు వేరే ఉంటుంది. ఫ్యాన్ ఆపాకే రెక్కల అంచున పేరుకున్న నల్లటి దుమ్ము బయటపడుతుంది. ఇక స్టూలు, తడిబట్ట!

లెన్సు 24 మిల్లీమీటర్లకన్నా వెడల్పుకి వెళ్లడానికి నాకు మనసొప్పదు, ఈ అంకె తగ్గేకొద్దీ ఫ్రేములో ఎక్కువ మేర పడుతుంది. 16కి వెళితే పది బై పన్నెండు గది కల్యాణమండపంలా కనపడుతుంది, ఫ్రేము అంచున ఉన్న కుర్చీ సాగిపోతుంది. రియల్ ఎస్టేట్ ప్రకటనలకి అదే కావాలంటారు, ఆ పని నేను ఒప్పుకోను. వంటింట్లో కెమెరా గట్టుకన్నా జానెడు ఎత్తులో పెడితే చాలు. నిలబడి తీస్తే గట్టు మీదున్నదంతా పరుచుకుని, కింద అరల అందం పోతుంది.

స్టైలింగ్ దగ్గర రెండో పేచీ. డిజైనర్లు డిక్కీ నిండా ప్లాస్టిక్ మొక్కలు, ఎవరూ తెరవని లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాలు, గిన్నెడు నిమ్మకాయలు తెస్తారు. ఏ ఇంట్లో చూసినా అవే నిమ్మకాయలు. నేను తీసేయడంతో మొదలుపెడతాను: ఫ్రిజ్ మీద మందుల డబ్బా, రిమోట్లు, స్టెబిలైజర్ వైరు, డైనింగ్ టేబుల్ మీద పచ్చడి సీసాలు. ఆ తర్వాత ఆ ఇంటిదే ఒక వస్తువు వెతికి పెడతాను. ఒకసారి మణికొండలో ఒక ఫ్లాట్‌లో అలాగే వెతుకుతుంటే లాఫ్ట్‌లో ఇత్తడి గంగాళం దొరికింది. అత్తగారిదట. అడుగున ఒక పక్క సొట్ట, అంచు మీద చుక్కలతో చెక్కిన పేరు. ఇంటావిడ చింతపండు పెట్టి తోమబోతే వద్దన్నాను. తోమితే కిటికీ మొత్తం అందులో అద్దంలా కనపడుతుంది, పాత ఇత్తడి అయితే వెలుగుని మింగి మెల్లగా వదులుతుంది. కిటికీకి మూరెడు దూరంలో నేల మీద పెట్టి, పేరున్న వైపు వెలుతురుకి కాస్త పక్కగా తిప్పాం. చుక్క చుక్కకీ నీడ పడి పేరు చదవడానికి వచ్చింది. డిజైనర్ మొదట మొహం చిట్లించారు, చివరికి తన పేజీలో కవర్ ఫొటో అదే పెట్టుకున్నారు.

అంత ఖర్చుపెట్టిన లైట్ల సంగతేమిటని అడుగుతారుగా, వాటికీ ఒక వేళ ఉంది. పొద్దుగూకాక ఆకాశం ముదురు నీలంగా మారే పావుగంట, ఇరవై నిమిషాలు. అప్పుడు బయటి వెలుగూ లోపలి వెలుగూ ఇంచుమించు సమానమవుతాయి. బయట నీలం, లోపల పసుపు, అప్పుడు ఆ తేడానే అందం. హైదరాబాద్‌లో జూన్‌లో ఏడు దాటాక, డిసెంబరులో ఆరు గంటల ప్రాంతంలోనే ఆ వేళ వస్తుంది. అప్పుడు కోవ్, ప్రొఫైల్, జాలీ వెనక స్ట్రిప్, అన్నీ వేసుకోమంటాను. ఫ్యాన్ మాత్రం అప్పుడూ ఆపాల్సిందే.