ఇసుక చల్లే మనిషి కోసం డార్జిలింగ్ దాకా

సిలిగురి నుంచి షేర్ జీపులో ముడుచుకుని కూర్చున్న గంటలు, టైగర్ హిల్ దగ్గర పొగమంచు, టీ తోటలు... ఇవన్నీ అందరూ రాసేవే. నేను వెళ్లింది ఒక ఇంజన్ని దగ్గరగా చూడటానికి.

డార్జిలింగ్ కొండ మీది చిన్న రైలుని లాగే ‘బి’ క్లాసు ఆవిరి ఇంజను నమూనా ఒకటి మా ఇంట్లో ఉంది. అసలు దానిలో అడుగు, దీనిలో 16 మిల్లీమీటర్లు. పట్టాల మధ్య దూరం అక్కడ రెండడుగులు, ఇక్కడ 32 మిల్లీమీటర్లు. బ్యుటేన్ గ్యాసు మంట మీద నీళ్లు మరిగి, నిజమైన ఆవిరితోనే నడుస్తుంది. అయినా పెట్టెలోంచి తీసిన రోజు నుంచీ నాకు వెలితే. అద్దంలా మెరుస్తుంది. పనిచేసే ఇంజను అలా ఉండదు. గుంటూరు–మాచర్ల మీటరు గేజి బండిలో కంట్లో బొగ్గు నలుసు పడి ఏడ్చినవాణ్ణి, ఆ మాత్రం నాకు తెలుసు.

ఆవిరి ఇంజనుతో సరదాగా తిప్పి తెచ్చే జాయ్ రైడ్ టికెట్ పదిహేను వందల దాకా అయింది. పై స్టేషను ఘూమ్ దాకా వెళ్లి రావడానికి, రెండు గంటలకి! ఆ డబ్బుతో హైదరాబాదు నుంచి విజయవాడకి ఏసీలో వెళ్లి రావచ్చు. కడుపు మండింది. ప్లాట్‌ఫారం మీద ఇంజను పక్కన నిలబడ్డాక ఆ సంగతే మర్చిపోయాను.

నీలిరంగు ట్యాంకు మీద నీళ్లు పొంగి కారిన చోట తెల్లటి చారలు. డ్రైవరు పట్టుకుని ఎక్కే కడ్డీ చెయ్యి తగిలినంత మేరే తళతళలాడుతోంది, పైనా కిందా నల్లటి జిడ్డు. డ్రైవరు నిలబడే క్యాబు ముందున్న బొగ్గు పెట్టె అంచున, బొగ్గు కొట్టే కుర్రాడు కూర్చునే చోట రంగు పూర్తిగా లేచిపోయింది. ఇవన్నీ ఫోటోలు తీసి, స్కేలు లేక జానలతో కొలుచుకున్నాను. జానెడు అంటే నా ఇంజను మీద 12 మిల్లీమీటర్లు.

ఇంజను ముందు పలక మీద ఇద్దరు కూర్చుని, ఎత్తు ఎక్కేటప్పుడు చక్రాలు జారకుండా పట్టాల మీద ఇసుక చల్లుతారు. ఘూమ్‌లో బండి ఆగగానే అందరూ మ్యూజియం వైపు నడిచారు. నేను వాళ్లలో పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

“దాజూ (అన్నా), ఎంత చల్లాలో ఎలా తెలుస్తుంది?”

“చక్రం చప్పుడు మారుతుంది” అన్నాడు హిందీలో. గుప్పిట సగం తెరిచి, చిటికెన వేలి పక్క నుంచి సన్నటి ధారగా ఎలా వదలాలో చూపించాడు. అడగకుండానే గుప్పెడు ఇసుక కాగితంలో పొట్లం కట్టి ఇచ్చాడు.

ఆ ఇసుక నమూనాకి పనికిరాలేదు. ఒక మిల్లీమీటరు రేణువు ఆ లెక్కలో 19 మిల్లీమీటర్ల గులకరాయి అవుతుంది. మా ఆవిడ దగ్గర ముగ్గుపిండి తీసుకుని, గుడ్డలో జల్లించి, టీ డికాక్షన్‌తో తడిపి ఆరబెట్టాను. రంగు కుదిరింది. కడ్డీ మీద రంగుని చేత్తోనే, రోజూ కాసేపు, బట్టతో రుద్ది అరగదీస్తున్నాను.

మట్టితో ఒక మనిషిని చేశాను. లేచి నిలబడితే 88 మిల్లీమీటర్లు ఉంటాడు. గుప్పిట సగం తెరిచే ఉంది. రెండోవాణ్ణి ఇంకా చెయ్యాలి.