చదువా, ఉద్యోగమా?

చిత్తూరుకు సెలవుల్లో వచ్చినప్పుడల్లా మా చిన్నాయన అడిగేది ఒకటే: "చదవతా ఉండావా, పని చేస్తా ఉండావా నాయనా?"

జర్మనీలో పీహెచ్‌డీ చేసేవాడికి గడువు కాంట్రాక్టు, జీతం, పన్ను కోత అన్నీ ఉంటాయంటే ఆయన నమ్మడు. నేనుండే సంస్థ కూడా అంతే, సగం చదువు, సగం పని. కార్ల్స్‌రూహెలో 1825 నాటి సాంకేతిక విశ్వవిద్యాలయాన్ని, 1956లో అణు పరిశోధన కోసం పెట్టిన జాతీయ కేంద్రాన్ని 2009లో కలిపేశారు. ఏర్పేడులోని మన ఐఐటీనీ గాదంకి రాడార్ ల్యాబునీ ఒకే బోర్డు కిందికి తెచ్చినట్టన్నమాట. పొద్దున ఊళ్లోని క్యాంపస్‌లో పిల్లలకు ప్రాక్టికల్స్ చేయిస్తాను. మధ్యాహ్నం షటిల్ బస్సెక్కి ఉత్తర క్యాంపస్‌కు పోతాను, అక్కడ గేటు దగ్గర కార్డు చూపించాలి. అణు అనే మాట చెవిన పడితే అమ్మకు టెన్షన్. రియాక్టర్లు ఎప్పుడో ఆపేశారు, ఇప్పుడు విప్పదీసే పనే సాగుతోందని ఎన్నిసార్లు చెప్పినా అంతే.

చిన్నాయన లారీల మనిషి కాబట్టి కాట్రిన్ ట్యాంకు కథ ఎత్తుకున్నాను. కాట్రిన్ అంటే మా ఉత్తర క్యాంపస్‌లో న్యూట్రినో అనే అతి చిన్న కణం బరువు తేల్చే ప్రయోగం. దానికి 10 మీటర్ల వెడల్పు, 200 టన్నుల స్టీలు ట్యాంకు కావాల్సి వచ్చింది. చేసింది జర్మనీలోనే డెగ్గెన్‌డోర్ఫ్ అనే ఊళ్లో. అక్కణ్ణుంచి మాకు రోడ్డున 400 కిలోమీటర్లే, కానీ అంత లావు సరుకు ఆ దారిలో పట్టదు. 2006లో డాన్యూబ్ నదిలోకి దించి, నల్ల సముద్రం, మధ్యధరా, అట్లాంటిక్ తిప్పి, రైన్ నదిలో పైకి తెచ్చారు. 9 వేల కిలోమీటర్లకు దగ్గర! చివర్లో ట్రైలర్ మీద ఊరి నడుమ పోతుంటే ఇళ్ల గోడలకూ దానికీ మధ్య అంగుళాల సందు. జనం తిరునాళ్లకొచ్చినట్టు వచ్చారట.

చిన్నాయన కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ట్రైలర్ తోలినోడు మొగోడప్పా! ఇంతకీ బరువెంత తేలింది?"

ఇంకా తేలలేదు. ఎలక్ట్రాన్ బరువులో పది లక్షల వంతు కూడా ఉండదని మాత్రం 2025లో చెప్పగలిగారు.

"అంటే వేబ్రిడ్జి ఉంది, చీటీ రాలేదు," అన్నాడు. ఆ ప్రయోగంలో నాకు చోటు లేదు, నాది ఉక్కు నమూనాల పని. అయినా దాన్ని ఇంత బాగా చెప్పినవాణ్ణి అక్కడా చూడలేదు.

నా సంగతే ఆయనకు ఇంకా తెగలేదు. అమ్మకు ఆ ఇబ్బంది లేదు. సంబంధాలు తెచ్చేవాళ్లకు ఉద్యోగమంటుంది, అప్పు అడగొచ్చినవాళ్లకు ఇంకా చదువుతున్నాడంటుంది.