పిల్లల కూరగాయల తోటలో మార్చి నుంచి మే దాకా - నా అనుభవం

మేముండేది సెంట్రల్ న్యూజెర్సీలో. మా టౌన్ కమ్యూనిటీ గార్డెన్‌లో ఒక పక్కన కొన్ని బెడ్లు (చుట్టూ చెక్కలు కట్టిన మళ్ళు) పిల్లలకి ఇచ్చేశారు, ఎలిమెంటరీ స్కూల్ పిల్లలు శనివారం పొద్దున్నే వచ్చి పని చేస్తారు, వాళ్ళని చూసుకునే వాలంటీర్లలో నేనూ ఒకదాన్ని. ఈ స్ప్రింగ్‌లో మొదటినుంచీ దగ్గరుండి చూశాను కాబట్టి ఏం చేశామో ఎలా చేశామో రాస్తున్నా, మీ ఊళ్ళో ఎవరైనా మొదలెట్టాలనుకుంటే పనికొస్తుంది.

పిల్లల తోట అనగానే అందరూ విత్తనాల గురించి అడుగుతారు గానీ ముందు చూడాల్సింది మట్టి. అయిదేళ్ళవాడు మట్టిలో చెయ్యి పెడతాడు, అదే చేత్తో ముక్కు తుడుచుకుంటాడు, అదే చేత్తో బిస్కెట్ తింటాడు. ఇక్కడ 1978 దాకా ఇళ్ళకి లెడ్ (సీసం, పిల్లలకి విషం) ఉన్న పెయింట్ వాడేవాళ్ళు, పాత ఇల్లు ఉన్న జాగా అయితే ఆ లెడ్ మట్టిలో అలాగే ఉండిపోతుంది, వానలకి కొట్టుకుపోయేది కాదు. అందుకే చలి కాస్త తగ్గగానే రట్గర్స్ యూనివర్సిటీ వ్యవసాయ సలహా విభాగం, అంటే కోఆపరేటివ్ ఎక్స్‌టెన్షన్ వాళ్ళ ల్యాబ్‌కి మట్టి పంపించాం. ఒకచోట తవ్వి పంపితే లాభం లేదు, చాలాచోట్ల ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు దాకా తీసి శుభ్రమైన ప్లాస్టిక్ బకెట్లో బాగా కలిపి అందులోంచి కొంచెం పంపాలి. ఇళ్ళ దగ్గరి మట్టిలో లెడ్ ఇంతకు మించితే ఇంకా పరీక్షించి చూడాలి అనే హద్దుని ఈపీఏ (ఇక్కడి పర్యావరణ శాఖ) వాళ్ళు 2024లో 400 పీపీఎం (పది లక్షల్లో 400 వంతులు) నుంచి 200కి తగ్గించారు, పాత రిపోర్టులు పట్టుకుని ఏం ఫరవాలేదు అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. మాది బాగానే వచ్చింది, పులుపు (ఆమ్లగుణం) మాత్రం కొంచెం ఎక్కువుందన్నారు, వాళ్ళు రాసినంత సున్నం వేశాం.

బెడ్ల చెక్కల విషయంలో కూడా అంతే, ఎవరైనా పాత డెక్ చెక్కలు ఫ్రీగా ఇస్తామంటే వద్దనండి, 2003 చివరి దాకా ఇళ్ళకి వాడిన ట్రీటెడ్ చెక్కల్లో (పుచ్చకుండా మందు పట్టించినవి) ఆర్సెనిక్ అనే విషం ఉండేది. మావి మామూలు సెడార్ చెక్కలు. గుర్రాల ఫార్మ్ నుంచి పచ్చి పేడ తెచ్చిస్తామన్నారు ఒకరు, మంచి మనసుతోనే అన్నారు, కానీ పచ్చి ఎరువులో రోగాల క్రిములుండొచ్చు, అది వేస్తే మట్టికి తగిలే కూరలు 120 రోజుల దాకా కొయ్యకూడదు, ఏప్రిల్‌లో వేస్తే ఆగస్టు అవుతుంది. అందుకని బాగా మాగిన కంపోస్టే వేశాం.

మార్చి మధ్యకల్లా పిల్లలకి ఒకటే తొందర, పారలు పట్టుకుని రెడీ. అప్పుడే మా పక్క అపార్ట్‌మెంట్‌కి కొడుకు దగ్గరికి వచ్చిన బాబాయిగారు ఒకాయన, గుంటూరు వైపు వ్యవసాయం చేసినాయన, పిల్లలతో పాటు వచ్చి గుప్పెడు మట్టి తీసి నొక్కి చూసి "ఇంకా పదును రాలేదమ్మా, వారం ఆగండి" అన్నారు. మట్టి ముద్దలా ఉండిపోయింది, వేలితో తడితే విడిపోవాలి, అప్పుడు తవ్వాలి, తడి మట్టి తవ్వి తొక్కితే ఎండాక గడ్డలు కట్టి వేర్లు దిగవు. ఆ వారమంతా ఏ పిల్లాడు కనపడినా గుప్పెడు మట్టి నొక్కి "తాతగారూ పదునా?" అని అడగటమే, తెలుగు రాని పిల్లలు కూడా.

పదునొచ్చాక తవ్వింది మాత్రం పిల్లలే. ఒక తల్లి బట్టలు పాడవుతాయి మీరు తవ్వేసి ఉంచండి అన్నారు, నేను ఒప్పుకోలేదు. 2009 మార్చి 20న మిషెల్ ఒబామా వైట్‌హౌస్ సౌత్ లాన్‌లో కూరగాయల తోట మొదలుపెట్టినప్పుడు కూడా బ్యాంక్రాఫ్ట్ ఎలిమెంటరీ పిల్లల చేత పారలు పట్టించారు. పెద్దవాళ్ళం అంతా చేసేసి పిల్లల్ని ఫోటోకి నిలబెట్టేటట్టయితే అది పిల్లల తోట ఎందుకవుతుంది చెప్పండి.

ముందు బఠాణీ వేశాం, అది చలికి తట్టుకుంటుంది, ఒక అంగుళం లోతు, పక్కనే కర్రలు పాతి పురికొస కట్టి చిన్న పందిరి. క్యారెట్ మొలవటానికి రెండు మూడు వారాలు పడుతుంది, పిల్లలకి అంత ఓపిక ఉండదు, మొలవలేదని మళ్ళీ గెలికేస్తారు, అందుకని క్యారెట్ గింజల్లో ముల్లంగి గింజలు కలిపి చల్లించాం, ముల్లంగి వారంలోపే పైకొచ్చి వరస ఎక్కడుందో చూపిస్తుంది. ఇంకో మూల ఇంట్లో పోపుల డబ్బాలోంచి తెచ్చిన మెంతులు. ధనియాలు అయితే బాబాయిగారు పిల్లల చేత అప్పడాల కర్రతో మెల్లగా నలిపించారు, ఒక్కో ధనియంలో రెండు గింజలుంటాయి కదా, విడదీసి వేస్తే మంచిదని. మెంతులే అన్నిటికన్నా ముందు కోతకొచ్చాయి, నెలలోపే తలా ఒక చిన్న కట్ట ఇంటికి తీసుకెళ్ళారు, ఒక అమెరికన్ తల్లి వాసన చూసి ఇది దేంట్లో వేస్తారు అని అడిగి పప్పు ఎలా చెయ్యాలో రాయించుకుంది.

అన్నిటికంటే కష్టమైన పని ఒత్తుగా ఉన్న మొక్కలు పీకేయడం. పిల్లలు గింజలు గుప్పెడు గుప్పెడు పోసేస్తారు, ముల్లంగికి మొక్కకీ మొక్కకీ రెండు అంగుళాలైనా ఎడం కావాలి, కానీ తను వేసిన బతికున్న మొక్కని పీకమంటే ఏ పిల్లకైనా ప్రాణం ఒప్పదు. ఒక పాప ఏడ్చేసింది, నా మొక్కలు ఏం తప్పు చేశాయి ఆంటీ అని. బలవంతపెట్టలేదు, ఆ పాప భాగం అలాగే వదిలేసి మిగతా వరస పలచన చేశాం, పీకిన లేత మొక్కలు కడిగి అక్కడే తినేశారు. మే మొదట్లో తవ్వి చూస్తే పలచన చేసినవైపు గుండ్రంగా దుంపలు, అటువైపు ఆకులే తప్ప కింద సన్న వేరు. ఆ పాప రెండూ చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది, తర్వాత క్యారెట్ల దగ్గరికి తనే వెళ్ళి పీకడం మొదలుపెట్టింది. నేను ఎంత చెప్పినా ఆ పిల్లకి అంత బాగా అర్థమయ్యేది కాదు.

ముల్లంగి ఆకులకి ఫ్లీ బీటిల్స్ అనే చిన్న పురుగులు వచ్చి సూదితో గుచ్చినట్టు చిల్లులు పెడతాయి, మందులు కొట్టే ప్రశ్నే లేదు కాబట్టి గింజ వేసినరోజే వరస మీద రో కవర్ అనే పల్చటి బట్ట కప్పేయాలి. బెడ్ల మధ్య గడ్డి పెరగనీయకుండా చెక్కపొట్టు పరవండి, మే నుంచి టిక్స్ (ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పిడుదులు) ఎక్కువ, అవి కుడితే వచ్చే లైమ్ డిసీజ్ మన న్యూజెర్సీలో మామూలే, పొడుగు సాక్సులు వేయించి ఇంటికెళ్ళాక మోకాళ్ళ వెనక, చెవుల వెనక చూడమని ప్రతి తల్లికీ చెప్పాం.

టమాటా, వంగ, మిరప నారు ఇళ్ళల్లో కిటికీ దగ్గర పెంచారు. ఏప్రిల్‌లో నాలుగు రోజులు ఎండ రాగానే నాటేద్దామంటారు, మదర్స్ డే (మే రెండో ఆదివారం) దాటేదాకా రాత్రి మంచు భయం ఉంటుంది ఇక్కడ. పైగా ఇంట్లో పెరిగిన నారుని ఒక్కసారి బయట పెడితే ఎండకి ఆకులు తెల్లబడిపోతాయి, వారం పది రోజులు మొదట గంటసేపు, తర్వాత పూట, అలా అలవాటు చేయాలి. బెండ, గోంగూరకి ఇంకా వెచ్చదనం కావాలి, బెండ గింజలు రాత్రి నానబెట్టి మే చివర వేశాం.

ఇక నీళ్ళ సంగతి. జూన్ చివర స్కూల్ అయిపోగానే మన కుటుంబాలు సగం ఇండియా వెళ్ళిపోతాయి, సరిగ్గా బెండకి నీళ్ళు కావాల్సినప్పుడే. వెళ్ళే ప్రతి పిల్లకీ ఊళ్ళో ఉండే ఇంకో పిల్లని జత చేశాం, ఆ వారం ఎవరు నీళ్ళు పోస్తే వాళ్ళే కోసుకోవచ్చు, లిస్ట్ షెడ్ తలుపుకి అంటించి ఉంది. జులైలో ఇంకా కొన్ని గళ్ళు ఖాళీగా ఉన్నాయి, దగ్గర్లో ఉండేవాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి పేరు రాయండి.