మధ్యాహ్నం కునుకు తీయడానికి ఒక హోటల్: నమూనా పని ఎంతవరకు వచ్చింది

మే 11

థీమ్ పార్కు పక్కన ఉండవలసిన విలాసవంతమైన హోటల్ ఎలా ఉంటే బాగుంటుందన్న ఆలోచన కొన్నేళ్లుగా నన్ను వదలడం లేదు. ఈ వేసవిలో దానిని 1:200 కొలతలో నమూనాగా కట్టడం మొదలుపెట్టాను. ఊహించుకున్న స్థలం రాజోలుకు దిగువన, గోదావరి పాయ అయిన వశిష్ఠ తూర్పు ఒడ్డు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటును బల్ల మీద పరిచాను. ఈ కొలతలో అది 488 మీటర్ల పొడవు, 244 మీటర్ల వెడల్పు గల నేల అవుతుంది. పార్కు గేటు ఒక చివర ఉంటుంది, మిగిలినదంతా హోటలే.

ముందుగా ఒక నియమం పెట్టుకున్నాను. పార్కులో అసలు కష్టం పన్నెండు గంటలకు మొదలై నాలుగు గంటల దాకా ఉంటుంది. ఆ వేళకు పిల్లలు డస్సిపోతారు, పెద్దవాళ్ల కాళ్లు పీకుతాయి, మన ప్రాంతపు ఉక్క సంగతి చెప్పనక్కరలేదు. గదికి వచ్చి, స్నానం చేసి, భోజనం చేసి, ఒక కునుకు తీసి, చల్లబడ్డాక మళ్లీ పార్కుకు వెళ్లగలగాలి. ఈ సౌకర్యం ఇవ్వలేని హోటల్ ఎంత పాలరాయి పరిచినా నా లెక్కలో విలాసవంతమైనది కాదు.

ఇప్పటికే ఉన్నవాటిని ఈ నియమంతోనే చూశాను. కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ హోటల్ 1955లో మొదలైంది, పార్కు మోనోరైలు 1961లో అక్కడి దాకా వచ్చింది. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్‌లో 1971లో తెరిచిన కాంటెంపరరీ హోటల్‌లో మోనోరైలు భవనం లోపలి నుంచే వెళుతుంది. అక్కడి గదులను ఉక్కు చట్రాలతో విడిగా తయారుచేసి, క్రేన్లతో ఎత్తి, భవనంలో అమర్చారు. టోక్యో డిస్నీసీలో 2001లో తెరిచిన మిరాకోస్టా అయితే పార్కు లోపలే, నీటి ఒడ్డున ఉంది. దూరం విషయంలో నాకు ఆదర్శం మిరాకోస్టాయే. మోనోరైలు స్థానంలో మాత్రం నేను పడవను అనుకున్నాను.

మే 25

పడవ దారిని మార్చవలసి వచ్చింది. అతిథులు పంటకాలువ మీద పడవలో హోటల్‌కు చేరాలని గీశాను. ధవళేశ్వరం ఆనకట్టను 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాక తవ్విన డెల్టా కాలువలు ఒకప్పుడు పడవల దారులు కూడా. లాకులు అందుకే ఉన్నాయి. కానీ ఈ ఉదయం మా ఇంటి ముందు కాలువ అడుగున పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. వేసవిలో కాలువలు కట్టేస్తారన్నది పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే అయినా గీసేటప్పుడు గుర్తు రాలేదు. సెలవుల్లో జనం ఎక్కువగా వచ్చే రోజుల్లోనే ఎండిపోయే దారి పనికిరాదు. అందువల్ల రేవును నది పాయ మీదికి మార్చాను. అక్కడ ఆటుపోట్లకు నీరు పెరిగి తగ్గుతుంది కాబట్టి స్థిరమైన మెట్లకు బదులు పంటులాగా తేలే వేదికను పెట్టాను.

జూన్ 22

దూరాలను కొలవడానికి దారం వాడుతున్నాను. మామూలు నడక నిమిషానికి 75 మీటర్లనుకుంటే నమూనాలో అది 37.5 సెంటీమీటర్లు, తెల్లదారానికి అంత దూరానికొక ముడి వేశాను. ఇంట్లో ఎనభై ఏళ్లు దాటిన అమ్మమ్మ ఉంది కనుక, నిమిషానికి 40 మీటర్ల లెక్కన, 20 సెంటీమీటర్లకొక ముడితో ఎర్రదారం కూడా కట్టాను. గేటు దగ్గర గుండుసూది గుచ్చి దారాన్ని ప్రతి గది గుమ్మానికీ లాగి చూశాను. మొదటి ప్లానులో చివరి గదికి తెల్లదారం మీద ఐదు ముడులు, ఎర్రదారం మీద తొమ్మిది ముడులు వచ్చాయి. తొమ్మిది నిమిషాలు ఎండలో నడిచిన ముసలావిడ సాయంత్రం మళ్లీ పార్కుకు రాదు. లాబీని మధ్యకు జరిపి, గేటు నుంచి అక్కడికి కప్పు ఉన్న నడవా వేసి, గదుల వరుసను రెండు రెక్కలుగా విడదీస్తే చివరి గుమ్మం ఎర్రదారం మీద ఆరు ముడులకు వచ్చింది. మొత్తం 96 గదులు, మూడంతస్తులు, అంతస్తుకు 32. దీనికి మించి పెంచదలచుకోలేదు, ఎందుకంటే గది పెరిగిన ప్రతిసారీ ఎర్రదారం మీద ముడి పెరుగుతుంది.

జూలై 13

లాబీని మండువాగా కడుతున్నాను. మధ్యలో 24 మీటర్ల చదరపు ఖాళీ, చుట్టూ పది మీటర్ల వెడల్పున లోపలికి వాలిన పెంకుల కప్పు. ఆ ఖాళీ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు అంటించి, అద్దం కప్పుగా చూపించాను. మండువా ఇళ్లకు వడ్రంగం చేసిన మా పెదనాన్నగారు వచ్చి చూశారు.

"అద్దం బిగించేస్తే ఇంక అది మండువా ఏంట్రా? వాన ఇంట్లో పడాలి. నాలుగు వైపులా వాలు లోపలికి పెట్టేది అందుకే."

"లోపల ఏసీ ఉంటుందండీ పెదనాన్నగారూ."

"ఏసీ గదుల్లో పెట్టుకో. కూర్చుని వాన చూసే చోట ఎందుకు?"

ఆయన మాట నిజం. ప్లాస్టిక్ షీటు తీసేశాను. తీశాక నీటి లెక్క వేయవలసి వచ్చింది: 44 మీటర్ల చదరం మీద పడిన వానంతా మధ్యకే వస్తుంది కాబట్టి ఒక్క సెంటీమీటరు వానకు 19 వేల లీటర్లకు పైగా నీరు దిగుతుంది. నడిమి ఖాళీలో చిన్న కోనేరు, దాని నుంచి నదికి తూము పెట్టాను.

కప్పు ముక్కలను మొదటిసారి తప్పుగా కోశాను. ప్లానులో వాలు వెడల్పు 5 సెంటీమీటర్లు కనుక అట్టనూ అంతే కోసి, 30 డిగ్రీల వాలుకు ఎత్తబోతే మూలల్లో ముక్కలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. వాలుగా నిలబడే ముక్కను వాలు పొడవుతోనే కోయాలి, అంటే 5.8 సెంటీమీటర్లు. పెంకులకు డబ్బాల ముడతల అట్ట ఈ కొలతలో మరీ మోటుగా ఉంటుంది. సిరా అయిపోయిన బాల్‌పెన్ను మొనతో, స్టీలు స్కేలు ఆనించి, ఐవరీ అట్ట మీద మిల్లీమీటరుకొక గీత నొక్కుతూ వెళ్లాను. ఒక్కో వాలుకు 220 గీతలు పడ్డాయి. ఇటుకరంగు పల్చగా పూసి, ఆరాక పక్క నుంచి దీపం పెట్టి చూస్తే గూన పెంకుల వరుసలే కనిపించాయి. ఆ రాత్రి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 10

ముసురు పట్టింది, అట్ట గోడలు వంగిపోయాయి. ఫెవికాల్‌ను ఒకవైపే పూస్తే తడి తగిలిన వైపు అట్ట సాగుతుంది. రెండు వైపులా పల్చగా కాగితం అంటించి, రాత్రంతా సన్నికల్లు కింద ఉంచితే నిలబడుతోంది. నేల పలకలకు ఇక సన్‌బోర్డే (తేలికైన ప్లాస్టిక్ నురుగు పలక) వాడతాను.

వరద గురించి కూడా ఈ నెలలోనే తేల్చుకున్నాను. 1986 ఆగస్టు వరద ఎంత ఎత్తుకు వచ్చిందో మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ స్తంభం మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. అందుచేత భవనం మొత్తాన్ని నాలుగు మీటర్ల స్తంభాల మీదికి ఎత్తాను. కింద ఖాళీగా వదిలాను, జనరేటరు గది కూడా పైనే ఉంది.

సెప్టెంబరు 7

నది మాకు పడమట ఉండడం వల్ల వచ్చిన చిక్కు ఇంతవరకు ఆలోచించనందుకు బాధపడ్డాను. నది కనిపించే గదులన్నిటికీ మధ్యాహ్నపు ఎండ నేరుగా మంచం మీద పడుతుంది, అంటే నా నియమమే దెబ్బతింటుంది. ఫోను లైటును కోణమానిని ఆధారంగా పట్టుకుని పరీక్షించాను. మూడు మీటర్ల వసారా వేసి, చూరును 2.4 మీటర్ల ఎత్తు వరకు దించితే, సూర్యుడు సుమారు 39 డిగ్రీలకు దిగేదాకా గది గోడకు ఎండ తగలదు. వేసవిలో అది సుమారు మూడున్నర దాకా. ఆ తరువాత తడిపిన వట్టివేళ్ల తడకలు దించుకోవాలి. నమూనాలో వాటిని గోనెపీచుతో అల్లాను.

కొబ్బరిచెట్లు 60 అయ్యాయి, ఇంకా 120 కావాలి. మాను కోసం చీపురు ఈనెను 7.5 సెంటీమీటర్లకు కోస్తున్నాను, చెట్టుకూ చెట్టుకూ మధ్య నాలుగు సెంటీమీటర్లు వదులుతున్నాను. ఎనిమిది మీటర్ల ఎడం అన్నమాట. నదికి మొదట వేసిన నీలం రంగును గీకేసి, శ్రావణంలో కనిపించే ఎర్రనీటి రంగు కలుపుతున్నాను. రెండో పూత ఆరితే తేలే రేవును అతికించవచ్చు.