మావాడికి లైట్ డ్యూటీ అడిగాను, అందులో సిగ్గేముంది?

మా చిన్నోడు ఆర్మీలో, ఫిరంగులు పేల్చే ఆర్టిలరీలో నాయక్. 2025 మేలో పూంచ్ వైపు షెల్లింగ్ జరిగినప్పుడు మోర్టార్ ముక్కలు ఎడమ కాల్లో దిగాయి. మోకాలి కింద ఎముక విరిగింది, పాదాన్ని పైకి లేపే నరం దెబ్బతింది. ఉధంపూర్ ఆర్మీ ఆస్పత్రికి తీసుకొచ్చారు. జమ్ము, శ్రీనగర్ ఎయిర్‌పోర్టులు మూసేసిన రోజులవి, కాల్పులు ఆగాక గానీ నేనూ మా ఆవిడా శ్రీకాకుళం నుంచి విశాఖ వెళ్లి ఢిల్లీ రైలెక్కలేకపోయాం. ఆపరేషన్లు, రాడ్లు, రక్తం ఎక్కించడం ఇవన్నీ రాయను, ఆస్పత్రి చూసిన ప్రతివాళ్లకీ తెలిసినవే.

ఒక్క రాత్రి గురించి మాత్రం రాయాలి. గాయం చీము పట్టి జ్వరం దిగని రోజు సాయంత్రం పెద్ద డాక్టరు వచ్చి, పొద్దున్నకి ఇలాగే ఉంటే కాలు తీసేయాల్సి రావచ్చు, ముందు ప్రాణం చూసుకోవాలి అని హిందీలో చెప్పి వెళ్లాడు. మా ఆవిడకి హిందీ రాదు. "ఏమన్నాడండీ?" అంటే "మందు మారుస్తారట" అన్నాను. ఆవిడ అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కులు మొక్కుతూ కూర్చుంది. అర్ధరాత్రి వాడు జ్వరంలో "నాన్నా, బూటు బిగుసుకుపోయింది, విప్పు" అని ఒకటే గొడవ. కాలికి బూటెక్కడిది, కట్టు తప్ప ఏమీ లేదు. విప్పినట్టు నటించాను. కర్నూలు వైపు కుర్రాడు, నర్సింగ్ అసిస్టెంట్, డ్యూటీ అయిపోయినా గదికి పోకుండా గంటగంటకీ వచ్చి వాడి కాలివేళ్లు నొక్కి చూసి "రక్తం బాగానే ఆడుతోంది పెదనాన్నా" అని చెప్పి వెళ్లేవాడు. ఆ మాట కోసమే తెల్లారేదాకా కాచుకున్నాను. తెల్లవారుజామున జ్వరం దిగింది, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లి గాయం శుభ్రం చేశారు, కాలు దక్కింది. ఆ అబ్బాయి ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అసలు టెన్షన్ తర్వాత మొదలైంది. సిక్ లీవ్ అయ్యాక మెడికల్ బోర్డు వాణ్ణి లో మెడికల్ కేటగిరీలో పెట్టింది. ఆర్మీలో ఫిట్‌నెస్ కొలతని షేప్ అంటారు, ఒకటి అంటే పూర్తి ఫిట్, అంకె పెరిగేకొద్దీ తక్కువ. అందులో 'ఏ' అంటే కాళ్లూ చేతులూ, మావాడికి ఏ3, టెంపరరీ, 24 వారాలు. బరువులు ఎత్తకూడదు, పరుగు లేదు, ఎత్తు ప్రాంతాలకి పంపకూడదు. కాగితం మీద అంతా బాగుంది. కానీ మనుషులు తక్కువున్నారని రాత్రి గార్డు వేస్తున్నారని, గన్ దగ్గర కూడా నిలబెడుతున్నారని వాడి స్నేహితుడి ద్వారా తెలిసింది. వాడు చెప్పడుగా! 155 ఎంఎం గుండు ఒక్కోటి 40 కిలోల పైనే, పాదం పైకి లేవనివాడు దాన్ని మోస్తూ తూలితే ఏమవుతుంది?

లైట్ డ్యూటీ ఇమ్మని దరఖాస్తు రాసుకుని ఆర్మీ ఆఫీసుకి వెళ్లాను. ఆ ఆఫీసులో ఒకాయన కాగితం పూర్తిగా చదవకుండానే "లైట్ డ్యూటీ కావాలంటే బ్యాంకులో చేర్పించాల్సింది, ఆర్మీలో ఎందుకు చేర్పించారు?" అన్నాడు. పక్కవాళ్లు నవ్వారు. నేను ఆర్టీసీలో బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, మా డిపోలో చూపు తగ్గిన డ్రైవర్‌కి వేరే పని ఇస్తే ఎవరూ వాణ్ణి పిరికివాడనలేదు. ఆ నవ్వు ఇప్పటికీ మర్చిపోలేదు, మర్చిపోను కూడా.

దానికి తోడు మావాడు ఫోన్ చేసి "ఎందుకెళ్లావు నాన్నా, నా పరువు తీశావు" అని అరిచాడు. కేటగిరీ ఉంటే హవల్దార్ ప్రమోషన్‌కి అడ్డొస్తుందని వాడి భయం. బోర్డు ముందు నొప్పి లేదని చెప్పొచ్చాడట! ఈ సంగతి బయటపెట్టింది ఒక లేడీ డాక్టరు, మేజర్. "తండ్రి దరఖాస్తుతో డ్యూటీ మారదు అంకుల్, బోర్డు రాసినదాన్ని బట్టే మారుతుంది, మీ అబ్బాయిని నొప్పి దాచొద్దనండి" అని కూర్చోబెట్టి చెప్పింది. అన్నాళ్లలో నాతో మర్యాదగా మాట్లాడిన ఆఫీసరు ఆవిడొక్కతే.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఇంజురీ రిపోర్టు, కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (గాయం ఎలా తగిలిందో ఆర్మీ చేసే విచారణ) కాపీ, డిశ్చార్జ్ స్లిప్పులు, కేటగిరీ కాగితాలు అన్నీ జిరాక్స్ తీసి ఇంట్లో పెట్టుకోండి, రేపు పెన్షన్‌కి అవే ఆధారం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగడానికి మొహమాటపడొద్దు. లో కేటగిరీ అయితే ఇంటికి పంపేస్తారని కొందరు భయపెడతారు. పర్మనెంట్ లో కేటగిరీ వాళ్లనైనా ఇన్వాలిడేటింగ్ మెడికల్ బోర్డు (సర్వీసుకి పనికిరారని తేల్చే డాక్టర్ల బోర్డు) పెట్టకుండా పంపకూడదని, అప్పటి రూల్స్ ప్రకారం సుప్రీంకోర్టు 2008లో చెప్పింది.

ఇప్పుడు వాడు సరిహద్దుకి దూరంగా పీస్ స్టేషన్‌లో స్టోర్స్ లెడ్జర్లు చూస్తున్నాడు. కాలికి స్ప్లింట్ ఉంటుంది, చలికి రాడ్డు ఉన్నచోట లాగుతుందట. రథసప్తమికి మా ఆవిడ మొక్కు తీర్చేసింది. వచ్చే బోర్డులో షేప్ వన్ తెచ్చుకుని మళ్లీ గన్ దగ్గరికి వెళ్తానంటున్నాడు వాడు. బోర్డు ముందురోజు ఫోన్ చేసి పోట్లాడతాను, అది మాత్రం ఖాయం.