ముందు నిద్ర, ఆ తర్వాతే జ్ఞాపకం

"లోపల పెట్టుకుంటే కుళ్లుతది, అంతా కక్కేయ్" అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. చిన్నప్పుడు సొంత ఇంట్లోనే వాతలు, లైంగిక హింస పడ్డ మనిషికి ఇది సగమే పనికొస్తుంది. పదేళ్ల సంగతి ఒక్క పూటలో బయటపెట్టినవాళ్లకు ఆ వారమంతా పీడకలలు, వణుకు, చచ్చిపోవాలన్న ఆలోచనలు ముసురుకోవచ్చు. అటుపైన కౌన్సెలింగ్ అంటేనే దూరం జరుగుతారు. అందుకే చాలామంది వైద్యులు పాటించే వరస వేరు. ముందు భద్రత, నిద్ర. అవి కుదురుకున్నాక జ్ఞాపకాలు. ఆపైన మనుషుల్లో కలవడం. మొదటి మెట్టు మీదే ఆరు నెలలు పట్టినా అది వెనకబాటు కాదు.

నిద్ర గురించి మాట్లాడాలంటే పాలమూరు, నల్లగొండ వైపు కల్లు మాట ఎత్తక తప్పదు. తాటిచెట్టు కింద తాగే కల్లు కాదు, కల్లు కాంపౌండ్‌లో, అంటే కల్లు దుకాణంలో దొరికే కల్తీ సరుకు. అందులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి పట్టుబడ్డ కేసులు ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి. రాత్రి ఒక సీసా పడితే పాత సంగతులు గుర్తుకురావు, నిజమే. కానీ అది నిద్రబిళ్ల మత్తు, ఏ సీసాలో ఎంత కలిపారో అమ్మేవాడికీ తెలియదు. అసలు చిక్కు మానేసేటప్పుడు వస్తుంది. దేవుడి మీద ఒట్టేసి ఒక్కసారే బంద్ చేస్తే కొద్ది రోజుల్లోనే చేతులు వణుకుతాయి, లేనివి కనిపిస్తాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. ఇంట్లోవాళ్లేమో గాలి సోకిందని చెర్వుగట్టు గుడికో, దర్గాకో బయల్దేరతారు. మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు, ముందు దవాఖాన. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా అన్నది డాక్టరుకు దాచకుండా చెబితే బిళ్లలిచ్చి వారాల మీద మెల్లగా తగ్గిస్తారు.

ఇక పగటిపూట. బెల్టు చప్పుడో, బీడీ వాసనో తగలగానే మనిషి మళ్లీ ఎనిమిదేళ్ల పిల్ల అయిపోతుంది. అప్పుడు "కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చు" అంటారు. చీకట్లో హింస జరిగినవాళ్లకు కళ్లు మూయడమే ప్రమాదం. తెరిచే ఉంచాలి. చెప్పులు విడిచి పాదాలు చల్లటి షాబాద్ బండ మీద ఆనించి పైకే అనుకోవాలి: ఇవాళ మంగళవారం, నా వయసు 34, ఈ తలుపు గొళ్లెం నా చేతిలోనే ఉంది. ఊపిరి 4 లెక్కల్లో తీసి 6 లెక్కల్లో వదలాలి. పెద్ద ఊపిరులు గబగబా తీస్తే వేళ్లు తిమ్మిరెక్కి, తల తిరిగి, భయం రెట్టింపవుతుంది. మనసు బాగున్నప్పుడే రోజూ 5 నిమిషాలు చేసి అలవాటు చేసుకోవాలి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే కుదరదు.

అన్నిటికన్నా గడ్డు రోజు దసరా. జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కాలి, అలాయ్ బలాయ్ తీసుకోవాలి. ఆ పెద్దల్లో హింసించిన పెద్దనాయనో మేనమామో కూర్చుని ఉంటాడు. పోకపోవడం తప్పేం కాదు. పోక తప్పదంటే సొంత బండి మీద ఆలస్యంగా పోయి, తొందరగా తిరిగి రావాలి. ఆ ఇంట్లో రాత్రి ఉండొద్దు. సంగతి తెలిసినవాళ్లు ఒకరు పక్కనుండాలి. "నడుము పట్టేసింది, వంగలేను" లాంటి మాట ముందే సిద్ధం చేసుకోవాలి. ఇలాంటి అబద్ధానికి పాపం అంటదు. పిల్లల్ని మాత్రం అతని దగ్గర ఒక్క నిమిషం కూడా వదలొద్దు. క్షమిస్తేనే నయమవుతుందనేది వైద్యం చెప్పిన మాట కాదు, చుట్టాల సౌకర్యం కోసం పుట్టిన మాట.

వైద్యానికి పట్నం దాకా పోవాలనే లేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి కేసు" అంటారన్న భయముంటే ముందు సర్కారు మానసిక ఆరోగ్య ఫోన్ లైను టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. రోగి సంగతులు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. దిగులు, భయం తగ్గించే సెర్ట్రలిన్ లాంటి మందు రాస్తే గుణం కనిపించడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పడం, గాబరా సహజం. చాలామంది సరిగ్గా అక్కడే మానేసి మెడికల్ షాపులో నిద్రబిళ్ల అడుగుతారు, కథ మళ్లీ కల్లు దగ్గరికే వస్తుంది. కౌన్సెలర్‌ను మాత్రం ట్రామాకు, అంటే పాత హింస మిగిల్చిన మానసిక గాయానికి, ఏ పద్ధతి వాడతారో మొదటే అడగాలి. ఈఎండీఆర్ (కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ పాత జ్ఞాపకాన్ని తలుచుకునే పద్ధతి), ట్రామా కోసం రూపొందిన సీబీటీ (ఆలోచనల తీరు మార్చే కౌన్సెలింగ్) లాంటి పేరేదైనా చెప్పగలగాలి. "మర్చిపోమ్మా, పెళ్లి చేసుకుంటే సర్దుకుంటుంది" అంటే లేచి వచ్చేయొచ్చు.

ఓపీకి పోయేటప్పుడు ఒక కాగితం చాలు. రాత్రికి ఎన్ని గంటల నిద్ర, కల్లు ఎంత, వాడుతున్న బిళ్లలేంటి, చచ్చిపోవాలని ఎప్పుడెప్పుడు అనిపిస్తోంది. జరిగినదంతా రాయక్కర్లేదు. చివర "చిన్నప్పుడు ఇంట్లో హింస పడ్డాను, వివరాలు ఇప్పుడే చెప్పలేను" అని రాసి మడిచి జేబులో పెట్టుకోండి. నోరు పెగలకపోతే ఆ కాగితమే డాక్టరు చేతికి ఇవ్వండి.